దర్శకుని విద్యాభ్యాసం

కళలలో కొన్నింటిని ఏకాంతంగా అభ్యసించవచ్చును. కవికి కాగితమూ కలమూ ఉంటే చాలును. గాయకుడు గురువు వద్ద సెలవు తీసుకొన్న తరువాత తంబురాతో ఒంటరిగా సాధన చేసుకోగలడు. చలనచిత్ర దర్శకుని సంగతి అట్టిది కాదు. అతని పనిముట్లన్నీ ఇతరుల చేతులలో ఉంటాయి. కెమెరా ఒకరిది, శబ్దం ఒకరిది, నటన మరొకరిది, ధనం వేరొకరిది. ఇందరి పనినీ ఎరిగి, ఏ ఒక్కరి పనినీ తాను చేయకుండా, అందరిచేతా ఒకే కథను చెప్పించడం అతని వృత్తి. మరి ఇట్టి విద్యను ఎక్కడ, ఎవరి వద్ద నేర్చుకోవాలి?

ఈ ప్రశ్నకు మన ప్రభుత్వం ఒక విద్యాలయ రూపంలో సమాధానం చెప్పేసరికి 1960వ సంవత్సరం వచ్చింది. అప్పటికి తెలుగువారు చిత్రాలు తీయడం మొదలుపెట్టి దాదాపు నలభై ఏండ్లయినది. ఆ నలభై ఏండ్లలో ఈ విద్య మనవారికి ఎట్లా అబ్బిందో పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వారిలో బహు కొద్దిమంది తప్ప ఎవ్వరూ దర్శకత్వాన్ని దర్శకత్వంగా నేర్చుకోలేదు. వేరొక పనిలో ప్రవేశించి, తెలిసినవాని ప్రక్కన నిలబడి నేర్చుకొన్నారు. ఈ పద్ధతి చేసిన మేలు గొప్పది. అది మూసివుంచిన ద్వారాలు కూడ తక్కువేమీ కావు.

ఆ కొద్దిమందిలో మొదటివాడు రఘుపతి సూర్యప్రకాశ్. అతని తండ్రి రఘుపతి వెంకయ్య 1869లో మచిలీపట్నంలో జన్మించి, మద్రాసులో ఛాయాగ్రాహకుడుగా స్థిరపడినాడు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని విదేశాలనుండి తెప్పించినాడు. చిన్న చిన్న చిత్రాలకు గ్రామఫోను ధ్వనిని జోడించి చూపే యంత్రమది. దానితో విక్టోరియా హాలులో ప్రదర్శనలిచ్చి, ఊరూరా డేరాలు వేసి, తరువాత మద్రాసులో గెయిటీ మొదలైన సినిమాశాలలు కట్టించినాడు. చిత్రాలు చూపడంలో ఆయనకు మించినవాడు ఆనాటి మద్రాసులో లేడు. కాని చూపడం వేరు, తీయడం వేరు. తీయడం నేర్పగలవాడు దగ్గరలో లేడని గ్రహించిన ఆ తండ్రి, కుమారుని సముద్రాలు దాటించి లండనుకు పంపినాడు. ప్రకాశ్ అక్కడ ఈలింగ్‌లోని బార్కర్ సంస్థలో చేరి పని నేర్చుకొన్నాడు.

అతడు తిరిగివచ్చిన పిమ్మట తండ్రీ కొడుకులు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ సంస్థను స్థాపించి, 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ చిత్రాన్ని నిర్మించినారు. వారి చిత్రశాల అద్దాలది. సూర్యరశ్మియే దానికి దీపం. మబ్బు పట్టితే పని ఆగిపోయేది. అట్టిచోట వెలుగును కనిపెట్టుకొని ఉండడమే దర్శకుని మొదటి పాఠం.

ఆ తండ్రికి ఐశ్వర్యం నిలువలేదు. నష్టాలు వచ్చి ఆస్తులు చేజారినవి. 1941లో ఆయన కన్నుమూసినాడు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూడడానికి మిగలలేదు. ధనమూ పోయి, చిత్రమూ పోయిన తరువాత ఆ లండను చదువులో మిగిలినదేమి? మనుషులు మిగిలినారు. ప్రకాశ్ ప్రక్కన పనిచేసినవారిలో చిత్తజల్లు పుల్లయ్య ఒకడు, వై.వి. రావు ఒకడు. కాకినాడకు చెందిన పుల్లయ్య టాకీలు వచ్చిన తరువాత కలకత్తా వెళ్ళి ఈస్టిండియా ఫిలిం కంపెనీ కొరకు 1933లో ‘సతీ సావిత్రి’ని, 1934లో ‘లవకుశ’ను తీసినాడు. వై.వి. రావు 1934లో కన్నడంలో మొదటి టాకీ అయిన ‘సతీ సులోచన’కు, 1937లో తమిళంలో ప్రఖ్యాతమైన ‘చింతామణి’కి దర్శకుడైనాడు. ఒక్క కుమారుని చదువుకై తండ్రి పెట్టిన వ్యయం ఈ విధంగా మూడు భాషలకు పంట అయినది. పుల్లయ్య వృద్ధాప్యంలో ‘లవకుశ’ను మరల రంగులలో ప్రారంభించగా, దానిని ఆయన కుమారుడు సి.యస్. రావు పూర్తిచేసినాడు. 1963లో అది విడుదలైనది. ఆ విద్య మరియొక తండ్రి నుండి మరియొక కొడుకుకు చేరుట అందులో చూడవచ్చును.

మాట వచ్చిన తరువాత విద్యాకేంద్రం బొంబాయికి మారినది. 1931 మార్చిలో అర్దెషిర్ ఇరానీ ‘ఆలం ఆరా’ను విడుదల చేసినాడు. ఆయన ఇంపీరియల్ సంస్థలో పనిచేసిన హెచ్.ఎం. రెడ్డి అదే ఏడు ‘కాళిదాసు’ను, తరువాత తెలుగులో మొదటి పూర్తి టాకీ అయిన ‘భక్త ప్రహ్లాద’ను తీసినాడు. ‘ప్రహ్లాద’ 1931లోనే విడుదలైనదని చాలాకాలం వ్రాస్తూ వచ్చినారు. తరువాతి పరిశోధనలో అది 1932 ఫిబ్రవరి 6వ తేదీ అని తేలినది. ఈ మూడు చిత్రాలలోనూ చిన్న వేషాలు వేసిన యువకుడొకడున్నాడు. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు నుండి బొంబాయి చేరిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అతడు. చిత్ర సంస్థలలో చిల్లర పనులతో ఆరంభించి, వేషాలు వేసి, సహాయ దర్శకుడుగా పనిచేసి, 1946లో ‘గృహప్రవేశం’తో దర్శకుడైనాడు. ‘షావుకారు’, ‘పెళ్ళిచేసి చూడు’, ‘మిస్సమ్మ’ చిత్రాలలో నటులు నటిస్తున్నట్లు గాక ఇంట్లో మసలుతున్నట్లు కనిపిస్తారు. చిన్న వేషగాడుగా కెమెరా ముందు నిలబడిన అనుభవం అందులో పనిచేయలేదని ఎవరనగలరు?

లెక్కల పుస్తకం గుండా వచ్చినవాడు కదిరి వెంకటరెడ్డి. 1938 నాటి రోహిణీ వారి ‘గృహలక్ష్మి’కి ఆయన కాషియర్. మరుసటి ఏడు బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థ నెలకొల్పి ‘వందేమాతరం’ తీయగా, కె.వి. రెడ్డి అందులో నిర్మాణ వ్యవహారాలు చూసినాడు. ‘భక్త పోతన’తో దర్శకుడై, ‘యోగి వేమన’, ‘గుణసుందరి కథ’, ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’ వంటి చిత్రాలు ఇచ్చినాడు.

కాషియర్‌గా పనిచేయడం దర్శకునికి ఏమి నేర్పుతుందని సందేహం కలుగవచ్చును. ముడిఫిలిమ్ లెక్క తెలిసినవారికి సమాధానం సులభం. టాకీ చిత్రంలో కెమెరా క్షణానికి 24 బొమ్మలు తీస్తుంది. అడుగు ఫిలిమ్‌లో 16 బొమ్మలు పడతాయి. అనగా నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలలో అయిపోతుంది. మూడు గంటలకు పైగా నడిచే ‘మాయాబజార్’ వంటి చిత్రం తెరమీదికి వచ్చేసరికే 16,000 అడుగులు దాటుతుంది. పనికిరాక పారవేసినది అందులో చేరదు. నటుడు ఒక్క మాట తడబడితే పోయేది సమయం మాత్రమే కాదు, డబ్బిచ్చి కొన్న ఫిలిమ్ కూడ. ఇది ఎరిగిన కె.వి. రెడ్డి చిత్రీకరణకు పూర్వమే సంభాషణలను చదివించి, గడియారం పట్టుకొని, ప్రతి దృశ్యానికీ ఎంత కాలం పడుతుందో నిర్ణయించుకొనేవాడని ప్రసిద్ధి. ఒకసారి కాగితంమీద నిశ్చయమైన దానిని సెట్టుమీద మార్చడం ఆయనకు ఇష్టముండేది కాదు. పిసినారితనం కాదది. దృశ్యం ఎక్కడ మొదలు కావాలో, ఎక్కడ ఆగాలో ముందే తెలిసినవానికి కలిగే నిబ్బరమది. లెక్కల పుస్తకంలో నేర్చినది ఆయన చేతిలో లయజ్ఞానంగా మారినది.

ఆ నిబ్బరాన్ని దగ్గరగా చూసినవాడు సింగీతం శ్రీనివాసరావు. కె.వి. రెడ్డి వద్ద సహాయకుడుగా పనిచేసిన ఆయన, అనేక సంవత్సరాల తరువాత 1987లో ఒక్క సంభాషణ కూడ లేని ‘పుష్పక విమానం’ తీసినాడు. సంభాషణను గడియారంతో కొలిచిన గురువుకు మాటలేని చిత్రం తీసిన శిష్యుడు! పైకి విరుద్ధంగా తోచినా అభ్యాసం ఒక్కటే. మాట ఉన్నా లేకున్నా దృశ్యానికి కాలపరిమితి తెలియాలి.

ఇట్లే ఆదుర్తి సుబ్బారావు బొంబాయిలో ఛాయాగ్రహణం చదివి, కూర్పు పని చేసి, దర్శకుడైనాడు. వాహినీ చిత్రశాలలో శబ్దగ్రహణ శాఖలో సహాయకుడుగా చేరిన కాశీనాథుని విశ్వనాథ్ ఆ ఆదుర్తి వద్దనే దర్శకత్వం అభ్యసించినాడు. ఆయన ‘శంకరాభరణం’ 1980లో వచ్చింది. ఆ చిత్రంలో పాటకు ముందు నిశ్శబ్దానికీ, పాట తరువాతి నిశ్శబ్దానికీ దొరికిన గౌరవం వినడం వృత్తిగా గలవాడు ఇచ్చినది. దర్శకుడు ఏ ద్వారం గుండా లోపలికి వచ్చినాడో ఆ ద్వారపు గుర్తు అతని పనిమీద చివరివరకు ఉంటుంది.

ఈ పద్ధతికి రెండవ ముఖమున్నది. ప్రక్కన నిలబడి నేర్చుకోవాలంటే ముందు నిలబడనివ్వాలి. సహాయకుని ఉద్యోగం ప్రకటన వేసి ఇచ్చేది కాదు. పరిచయమో, బంధుత్వమో, మద్రాసులో జీతం లేకుండా కొంతకాలం బ్రతుకగల శక్తియో కావలసి ఉండేది. ఆ రోజులలో ఈ ద్వారం గుండా స్త్రీలు రాలేదు. వారికి దొరికిన మార్గం నటన ఒక్కటే. భానుమతి కథానాయికగా ప్రసిద్ధి పొందిన తరువాత, సొంత సంస్థ కలిగిన తరువాత, 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ భాషలలో తీసి దర్శకురాలైనది. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీసింది. విజయనిర్మల 1973లో ‘మీనా’తో తెలుగులో ఆరంభించి నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించింది. పురుషునికి కాషియర్ బల్ల నుండి దర్శకుని కుర్చీకి దారి ఉండగా, స్త్రీకి తారాపథం చుట్టివస్తేగాని ఆ కుర్చీ అందలేదు. తార కాలేని స్త్రీలలో ఎందరు దర్శకులు అణగిపోయినారో లెక్కపెట్టే పుస్తకం ఏ కాషియరు వద్దనూ లేదు.

దూరం మరొక అడ్డంకి. తెలంగాణములోని చిత్రకారుడు బి. నరసింగరావుకు మద్రాసు పరంపర దగ్గరిది కాదు. ఆయన తాను నిర్మాతగా నిలిచి, బెంగాలునుండి గౌతమ్ ఘోష్‌ను పిలిపించి ‘మా భూమి’ తీయించినాడు. 1980లో అది విడుదలైనది. గురువు వద్దకు పోలేని శిష్యుడు చిత్రాన్నే పాఠశాలగా చేసుకొన్న సందర్భమది. తరువాత ఆయన స్వయంగా తీసిన ‘రంగులకల’, ‘దాసి’ చిత్రాలు ఆ చదువు వ్యర్థం కాలేదని నిరూపించినవి.

ఇట్టి అడ్డంకులను తొలగించడానికే విద్యాలయం అవసరమైనది. 1949లో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1951లో సమర్పించిన నివేదికలో శిక్షణాలయాన్ని స్థాపించవలెనని సూచించింది. తొమ్మిది సంవత్సరాల తరువాత, పూనాలోని ప్రభాత్ చిత్రశాల ఆవరణలో ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వెలిసినది. దానిని ఆనుకొని 1964లో చలనచిత్ర భాండాగారం ఏర్పడినది. ఋత్విక్ ఘటక్ కొంతకాలం అక్కడ బోధించినాడు. విద్యాలయం చేసిన ముఖ్యమైన మేలు ఏమంటే, పొరపాటు చేయడానికి అక్కడ అనుమతి ఉన్నది. చిత్రశాలలో సహాయకుడు చేసిన పొరపాటుకు మూల్యం నిర్మాత చెల్లించాలి. కనుక అతనికి చేయి చాచే అవకాశం రాదు. విద్యార్థి చేసిన పొరపాటు మరునాటి పాఠమవుతుంది. ఒకే చిత్రాన్ని పదిసార్లు చూచే వసతి కూడ అక్కడ దొరికినది. ‘భీష్మ ప్రతిజ్ఞ’ను మరల చూడలేని జాతికి ఆ వసతి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

నేడు పరిస్థితి మరల మారినది. ఎంత మారినదో తెలియాలంటే ఏ చిత్రశాలకూ దగ్గర కాని ఊరిని తీసుకోవాలి. మధ్య అండమానులోని రంగత్ అట్టి ఊరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో దాదాపు నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా కలవారు. వారిలో చాలామంది పూర్వులు ఉత్తరాంధ్ర తీరం నుండి వెళ్ళినవారు. మద్రాసుకూ వారికీ నడుమ ఓడలో సుమారు మూడు రోజుల సముద్రం. 1979లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ‘అండమాన్ అమ్మాయి’ ఆ దీవులలో చిత్రీకరణ జరుపుకొన్నది. చిత్రబృందం వచ్చింది, వెళ్ళింది. పరంపర మాత్రం మద్రాసులోనే ఉండిపోయింది. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భంలో దాదాపు 2,300 కిలోమీటర్ల తంతి వేసి దీవులను కలిపినారు. ఆ తంతి చేరిన చోట్లలో రంగత్ ఒకటి. వెంకయ్య ఏ విద్యకై కుమారుని లండను పంపవలసి వచ్చెనో, ఆ విద్యకు సంబంధించిన ఉపన్యాసాలూ, ప్రపంచంలోని ఉత్తమ చిత్రాలూ ఇప్పుడు ఆ తంతి గుండా ఆ ఊరికి వస్తాయి. కెమెరా ప్రతి యువకుని జేబులోనూ ఉన్నది. ఫిలిమ్ ఖర్చు లేదు. అడుగుల లెక్క లేదు.

అయితే అడుగుల లెక్క పోవడం పూర్తిగా లాభమా? ఖర్చులేని చోట నిర్ణయం ఆలస్యమవుతుంది. ఎన్నిసార్లయినా తీయవచ్చునన్నవాడు ఎందుకు తీస్తున్నానని అడుగుకోడు. కె.వి. రెడ్డి అభ్యాసంలో ఏ చిత్రశాలా అక్కరలేని భాగం ఒకటి ఉన్నది: కథను కాగితంమీద దృశ్యాలుగా విభజించి, చదివించి, కాలం కొలిచి, ఏది ఉండాలో ఏది పోవాలో కెమెరా తీయకముందే తేల్చుకోవడం. దానికి కావలసినది ఒక నోటుపుస్తకం, ఒక గడియారం, చదివిపెట్టే ఇద్దరు మిత్రులు. ఈ భాగాన్ని రంగత్‌లో ఉన్న యువతి అయినా, కాకినాడలో ఉన్న యువకుడైనా నేడే ప్రారంభించవచ్చును.

తంతి తేలేనిది మరియొకటున్నది. చేసినదానిని చూసి, ఇది బాగులేదు, మరల చేయి అని చెప్పే మనిషి. ప్రకాశ్ నుండి పుల్లయ్యకు, కె.వి. రెడ్డి నుండి సింగీతానికి, ఆదుర్తి నుండి విశ్వనాథ్‌కు చేరినది ఉపన్యాసం కాదు, ఆ దిద్దుబాటు. ఒక తండ్రి దానికొరకు కుమారుని లండను పంపినాడు. ఇకమీదట పంపవలసినది శిష్యులను కాదు. గురువులనే ఆ దూరపు ఊళ్ళకు పంపే బాధ్యత విద్యాలయాలది. అప్పుడుగాని ఈ విద్య పుట్టుకనూ, పరిచయాన్నీ, ప్రయాణఖర్చునూ బట్టి గాక, అభ్యాసాన్ని బట్టి లభించదు.