కృష్ణా ఇసుక తవ్వకాలు: సభకు కోరం లేదు

పటమట: కృష్ణా నదీగర్భం ప్రభుత్వ భూమి, అందులోని ఇసుక చిన్నతరహా ఖనిజం. ఐదు హెక్టార్లలోపు రీచ్‌లకు పర్యావరణ అనుమతి అక్కరలేదన్న వెసులుబాటుకు సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న తెరదించింది.

ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన చోట, 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రభావ మదింపు నివేదిక సారాంశం తెలుగులో కలెక్టర్ కార్యాలయంలో ఉంచాలి. సభను వీడియో తీయాలి. అయితే కోరం నిబంధన లేదు. అంటే తీరగ్రామాల రైతులు రాకున్నా, ఖాళీ కుర్చీల ఎదుట జరిగిన సభ కూడా సభే.

2016 మార్గదర్శకాలు తవ్వకం లోతును మూడు మీటర్లకు లేదా నీటిమట్టానికి, ఏది తక్కువైతే దానికి పరిమితం చేశాయి. కృష్ణాలో యంత్రాలతో సాగిన అక్రమ తవ్వకాలపై మధ్యంతరంగా రూ.100 కోట్లు జమచేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 ఏప్రిల్ 4న రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.