అనుమతి పత్రంలో వనరు చిరునామా

1965లో మల్టిక్స్ ఫైల్ వ్యవస్థకు రూపకల్పన చేసిన డేలీ, న్యూమన్‌లు ప్రతి ఫైలుకూ ఒక జాబితా తగిలించారు: దాన్ని ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అని. తర్వాత వచ్చిన యూనిక్స్ ఆ జాబితాను యజమాని, బృందం, మిగతావారు అనే మూడు వర్గాలకు కుదించింది. రెండింటిలోనూ అనుమతి ఫైలునే అంటిపెట్టుకుని ఉండేది కాబట్టి, ఏ ఫైలు గురించన్న ప్రశ్నే రాలేదు.

2006 మార్చిలో అమెజాన్ ఎస్3 నిల్వ సేవను తెచ్చినప్పుడు కూడా బకెట్లనే నిల్వ డబ్బాలకు, వాటిలోని ఆబ్జెక్టులకు (ఫైళ్లకు) ఇలాంటి జాబితాలే పెట్టింది. చిక్కంతా ఖాతా దగ్గరే. ఖాతా తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వారికి అన్నీ తెరుచుకునేవి. 2010లో ప్రయోగాత్మకంగా మొదలై మరుసటి ఏడాది పూర్తిస్థాయిలో అందిన ఐఏఎం అనే అమెజాన్ అనుమతుల సేవ, ఒకే ఖాతాలో ఎందరికో వేర్వేరు గుర్తింపులిచ్చింది. అనుమతి వస్తువును వదిలి, మనిషి వెంట నడిచే పాలసీ పత్రమైంది. వస్తువేదో అందులో రాయక తప్పలేదు.

అలా రాసే పేరే ఏఆర్‌ఎన్. కోలన్లతో విడదీసిన ఆరు గడులు దీనికి: మొదట ఏఆర్‌ఎన్ అన్న అక్షరాలే, ఆపై విభాగం (చైనాకు, అమెరికా ప్రభుత్వానికి వేరు), సేవ, ప్రాంతం, 12 అంకెల ఖాతా సంఖ్య, చివర వనరు పేరు. 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ ప్రాంతంలోని సర్వరుకైతే నాలుగో గడిలో ‘ఏపీ-సౌత్-2’ అని ఉంటుంది. ఇక్కడ ఏపీ ఆంధ్రప్రదేశ్ కాదు, ఆసియా పసిఫిక్.

ఎస్3 ఈ వరసకు లొంగలేదు. బకెట్ పేరు సాధారణంగా విభాగం మొత్తంలో ఒక్కరికే దక్కుతుంది గనుక ప్రాంతం, ఖాతా గడులు ఖాళీగా వదిలేశారు. మూడు కోలన్లు పక్కపక్కనే పడతాయి. దాంతో బకెట్ ఎవరిదో పేరులో తెలియదు. చెరిపేసిన బకెట్ పేరును పరాయివారు తీసుకుంటే పాత పాలసీ వారి బకెట్‌నే సూచిస్తుంది, డేటా అక్కడికి చేరే ప్రమాదమూ ఉంది. వనరు ఫలానా ఖాతాదై ఉండాలని షరతు పెట్టే వీలు ఆలస్యంగా వచ్చింది. కొత్తవారు తడబడే చోటు మరొకటి: లోపల ఏమున్నాయో జాబితా చూడటానికి ఉత్త బకెట్ పేరు చాలు, ఆబ్జెక్టును చదవాలంటే పేరు తర్వాత స్లాష్, ఆపై ఆబ్జెక్టు పేరు గానీ, ‘అన్నీ’ అని అర్థమిచ్చే స్టార్ గానీ ఉండాలి. విసుగెత్తి వనరు స్థానంలో ఒట్టి స్టార్ పెట్టేవారు తక్కువేం కాదు.

కొన్నిచోట్ల స్టార్ తప్ప గతిలేదు కూడా. అమెజాన్ సర్వర్ల సేవ ఈసీ2లో ఫలానా సర్వరుకే అనుమతి అని రాసే వీలు 2013 జులైలో గాని రాలేదు. సర్వర్ల వివరాలు అడిగే ఆదేశాలు చాలావరకు ఇప్పటికీ స్టార్‌నే ఒప్పుకుంటాయి. మైక్రోసాఫ్ట్ అజూర్ దారి వేరు: సబ్‌స్క్రిప్షన్, వనరుల సమూహం, వనరు అనే మెట్లు, పై మెట్టులో ఇచ్చిన అనుమతి కిందికి దిగుతుంది.

వేల సర్వర్లు రోజూ పుట్టి పోతుంటే పేర్లు రాయడం సాగే పని కాదు. అందుకే వనరుకు అంటించిన ట్యాగును చూసి అనుమతించే పద్ధతి బలపడింది. అయితే ట్యాగు మార్చగలిగినవారు అనుమతినీ మార్చుకోగలరు. కాబట్టి ఈ పద్ధతికి మళ్లేవారు ముందుగా ట్యాగులు మార్చే హక్కునే కట్టడి చేయాలి.