గని కార్మికుని వార్ధక్యము

బెల్లంపల్లి, మందమఱ్ఱి గనులకు చేరువనున్న కాసిపేటలో బొగ్గుబావి పనివానికి ముసలితనము మస్టరునుండి పేరు తొలగిన నాటినుండియే లెక్కకు వచ్చును. తల యెంత ముందుగా నెరసినను దాని నెవ్వరును పట్టించుకొనరు. పుట్టిన తేదీకి కాగితము లేక పనిలో చేరినవారికి ఆనాటి వైద్యుడు ఒడలు చూచి అంచనాగా వ్రాసిన అంకెయే జీవితాంతము వయస్సై నిలిచినది.

1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించుట, 1889లో త్రవ్వకము మొదలగుట, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడుట అందరెఱిగిన చరిత్రమే. అంతకన్న లోతైన మార్పు ఇండ్లలో జరిగినది. సేద్యమునందు వృద్ధుని పని యొక తేదీతో ముగియదు. అరక పట్టలేనివాడు కళ్ళమునకు కాపుండును, దూడలను మేపును, విత్తన మెన్నడు చల్లవలెనో చెప్పును. తట్ట, చెమ్మస్ (పార) పట్టి బొగ్గు టబ్బులు నింపినవానికి అట్టి మెట్లు లేవు.

ఆ లోటును కొంతకాలము వారసత్వోద్యోగము పూడ్చినది. తండ్రి విరమించిన చోట కొడుకు చేరిన యింట ముసలివాడు తన వయస్సును ఒప్పగింతగా భావించెను. భార్య మరణించినను, కాలు విఱిగినను, ఆ దుఃఖమునకు తాను పనికిరానివాడనైతినను తలంపు తోడు కాలేదని నా నమ్మిక. 1990ల చివర ఆ పద్ధతి ఆగినది; తట్టలకు మాఱుగా యంత్రములు వచ్చెను; లక్షకు మించిన కార్మికుల సంఖ్య క్రమముగా నలుబది వేల చేరువకు దిగినది. పనిలేని కొడుకు నెదుట కూర్చున్న విశ్రాంత కార్మికుడు తన కీలునొప్పిని సైతము నేరముగా నెంచసాగెను.

అమెరికాలో బెక్కా లెవీ బృందము 2002లో ప్రకటించిన అధ్యయనమున, వార్ధక్యమును గూర్చి మంచి యభిప్రాయము గలవారు తక్కినవారికన్న సగటున 7.5 ఏండ్లు అధికముగా జీవించిరని తేలినది. ఆ యభిప్రాయమును జీతపుచీటీయు, నియామకపుటుత్తరువును ఎంతగా మలచునో కాసిపేటలో చూడవలెను.

2016లో పునరుద్ధరింపబడిన వారసత్వ నియామకములను 2017లో హైకోర్టు కొట్టివేయగా, వైద్యబోర్డు అనర్హునిగా తేల్చిన కార్మికుని వారసునకు ఉద్యోగమిచ్చు కారుణ్య నియామకము అమలునకు వచ్చినది. కొత్తగూడెం ఆసుపత్రిలో బోర్డు ముందు నిలుచు వయసుమళ్ళిన కార్మికుడు, మోకాలు చెడినదని, ఊపిరి ఆడదని చెప్పు కాగితముల కట్టను చంకనిడుకొని ‘అన్‌ఫిట్’ అను మాటకై కాచుకొనును. ఆరోగ్యము బాగున్నదని తేలినచో ఇంటివారి కెట్లు చెప్పుదునా యని కుములును. ఆతని కుములుపాటు అకారణము కాదు: 1998 పథకము క్రింది బొగ్గుగనుల పింఛను ధరలతో పెరుగునది కాదు, విరమించినవాడు కంపెనీ క్వార్టరును విడిచిపోవలెను.