షుగర్ ఉన్నవాళ్లు ఫ్లూ టీకా వేయించుకోవాలా? ఎప్పుడు, ఎలా?

నారాయణఖేడ్: వానలు పడితే ఇంటింటా జలుబు, దగ్గు, జ్వరం మామూలే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఫ్లూ ఎక్కువగా వారంలో తగ్గిపోతుంది. షుగర్ పేషెంట్ల సంగతి వేరు. జ్వరంతో రక్తంలో చక్కెర పెరుగుతుంది. చక్కెర పెరిగితే రోగంతో పోరాడే శక్తి తగ్గుతుంది. అలా ఫ్లూ కాస్తా న్యుమోనియా దాకా పోవచ్చు. అందుకే మధుమేహం లాంటి దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మనమే అడగాలి

పిల్లల టీకాల మాదిరిగా ఇది ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. ఎవరో ఇంటికొచ్చి గుర్తు చేస్తారని చూడొద్దు. షుగర్ మందుల కోసం వెళ్లినప్పుడు డాక్టర్‌ను మీరే అడగండి. ఏరియా ఆస్పత్రిలో ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకుంటే ప్రైవేటు క్లినిక్‌లో డబ్బులు పెట్టి వేయించుకోవాలి.

ఎప్పుడు?

మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి–మార్చి మధ్య మరోసారి పెరుగుతుంది. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి వానలకు ముందే, ఏప్రిల్–మే నెలల్లో వేయించుకోవడం మంచిది. ఆలస్యమైనా మానొద్దు. వైరస్ మారుతూ ఉంటుంది కనుక నిరుటి టీకా ఈ ఏడాదికి సరిపోదు. డబ్బా మీద సీజన్, గడువు తేదీ చూడండి.

సంగారెడ్డి, బీదర్ నుంచి తెస్తే

టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఎండలో జేబులో, బండి డిక్కీలో తేవొద్దు. ఐస్‌కు నేరుగా తగిలి గడ్డకట్టినా పాడవుతుంది. క్లినిక్ వాళ్లతోనే తెప్పించుకుంటే ఈ తంటా ఉండదు.

టీకాతో ఫ్లూ వస్తుందా?

రాదు. భుజానికి వేసే ఈ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు. ఒకట్రెండు రోజులు చెయ్యి నొప్పి, కొద్దిగా జ్వరం ఉండొచ్చు. ముక్కులో కొట్టే స్ప్రే టీకాలో మాత్రం బలహీనపరచిన బతికున్న వైరస్ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు ఇంజెక్షనే తీసుకోవాలి. గతంలో ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే, రక్తం పలుచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి.

హజ్‌కు వెళ్లేవాళ్లు

మెనింజైటిస్ టీకా తప్పనిసరి. జనసమ్మర్దంలో ఫ్లూ తొందరగా అంటుకుంటుంది కాబట్టి షుగర్ ఉన్న హాజీలు ఫ్లూ టీకా కూడా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి.

టీకా వేసుకున్నా జ్వరం వస్తే

తిండి తగ్గిందని ఇన్సులిన్ సొంతంగా ఆపొద్దు. నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకోండి, నీళ్లు బాగా తాగండి. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కాబట్టి రెండో రోజు దాటకముందే డాక్టర్‌కు చూపించండి. ఆయాసం, ఆగని వాంతులు, మత్తు ఉన్నా, షుగర్ 300 దాటి దిగకపోయినా రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.