ఆకలికి ఒక ఋతువు: గాంబియాలోని కెనెబా గ్రామ ఆరోగ్య చరిత్ర

హిజ్రీ 753 (క్రీ.శ. 1352)లో సహారా ఎడారిని దాటి మాలీ రాజధాని చేరిన ఇబ్న్ బతూతా, అక్కడ దుంపలతో వండిన గంజి తిని తీవ్రంగా జబ్బుపడ్డారు. ఆయనతో కలిసి తిన్నవారిలో ఒకరు మరణించారు. ఈజిప్టు దేశీయుడొకరు ఇచ్చిన మూలికల మందుతో ఆయన ప్రాణం నిలిచింది గాని, రెండు నెలలపాటు అస్వస్థత వదలలేదు. మాలీ ప్రజల నమాజు నిష్ఠను, పిల్లలచేత ఖుర్ఆన్ కంఠస్థం చేయించడంలో వారి పట్టుదలను ఆయన ప్రశంసించిన సంగతి మనం తరచు ఉదహరిస్తాం. అదే గ్రంథంలోని ఈ జబ్బు ముచ్చట మాత్రం మన ఉపన్యాసాలలో వినిపించదు. ఒక జాతి ధర్మనిష్ఠను తెలుసుకొని, ఆ జాతి ఏమి తింటున్నదో, దేనివల్ల మరణిస్తున్నదో తెలుసుకోకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది.

ఆ మాలీ సామ్రాజ్యపు వారసులలో గాంబియా దేశపు మాండింకా ముస్లింలు ఒకరు. గాంబియా నదికి దక్షిణాన, పశ్చిమ కియాంగ్ జిల్లాలో, కెనెబా అనే మాండింకా గ్రామం ఉన్నది. పురుషులు వేరుశనగ, జొన్న, సజ్జ పండిస్తారు. స్త్రీలు నదీతీరపు చిత్తడి నేలల్లో వరి పండిస్తారు. జూన్ మొదలు అక్టోబరు వరకు వర్షాకాలం. నిరుటి గింజలు అడుగంటేదీ, పొలం పని ముమ్మరమయ్యేదీ, మలేరియా, విరేచనాలు విజృంభించేదీ ఆ నెలల్లోనే. అందుకే ఆ కాలానికి 'ఆకలి కాలం' అని పేరు.

స్కాట్లాండుకు చెందిన వైద్యుడు ఇయాన్ మెక్‌గ్రెగర్ 1949 ప్రాంతంలో ఈ గ్రామంలో పరిశోధన ప్రారంభించారు. అప్పుడు అక్కడ పుట్టిన పిల్లల్లో దాదాపు సగంమంది పసితనంలోనే చనిపోయేవారు. ఏటేటా జననమరణాలు నమోదు చేశారు, బరువులు తూచారు, రక్తం పరీక్షించారు. 1961లో మెక్‌గ్రెగర్, ఆయన సహచరులు గాంబియా పెద్దల రక్తం నుండి తీసిన గామా గ్లోబ్యులిన్‌ను మలేరియా సోకిన పిల్లలకిచ్చి, వారి రక్తంలోని క్రిములు తగ్గిపోవడం గమనించారు. మలేరియాను ఎదిరించే శక్తి రక్తంలోనే ఉన్నదని లోకానికి తెలిసింది ఆ విధంగానే. శాస్త్రానికి ఆ దేశపు గ్రామీణులు చేసిన ఉపకారం ఇది.

అయితే ప్రతిఫలంగా ఆ గ్రామానికి దక్కినదేమిటి? తొలి పాతికేళ్ళలో విజ్ఞానం పెరిగినంతగా మరణాలు తగ్గలేదు. సర్వే బృందం వచ్చినప్పుడు వైద్యం అందేది. అది వెళ్ళిన తరువాత జ్వరం వచ్చిన బిడ్డకు దిక్కెవరు? 1974లో రోజర్ వైట్‌హెడ్ నాయకత్వాన పోషకాహార పరిశోధకులు అక్కడ స్థిరపడి, ఏడాది పొడుగునా వైద్యం అందే ఏర్పాటు చేశారు. తరువాతి పదేళ్ళలో తల్లుల మరణాలు, పిల్లల మరణాలు గణనీయంగా తగ్గాయి. ఈ మార్పు తెచ్చినది ఏదో కొత్త మందు కాదు. తెలిసిన మందులే, అవసరమైన వేళ, గుమ్మం దగ్గర దొరకడమే. గాంబియా ప్రభుత్వం కూడా ఆ దశాబ్దాంతంలో ప్రాథమిక ఆరోగ్య విధానాన్ని చేపట్టి, గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు శిక్షణ ఇప్పించింది.

ఇక రమజాన్ విషయం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు షరీఅత్ వెసులుబాటు ఇచ్చినదన్నది మనకు తెలిసినదే. అయినా కెనెబా తల్లులలో చాలామంది ఉపవాసాలు పాటించేవారు. 1980లలో పరిశోధకులు వారిని పరీక్షించగా, పాల పరిమాణం తగ్గలేదు గాని తల్లుల శరీరంలోనూ పాల గుణంలోనూ మార్పులు కనిపించాయి. వెసులుబాటు గ్రంథాల్లో ఉండిపోతే చాలదు, దానిని తల్లుల చెవిన వేయవలసిన బాధ్యత పండితులది.

1989 నుండి 1994 వరకు పశ్చిమ కియాంగ్‌లోని 28 గ్రామాలలో గర్భిణులకు వేరుశనగతో చేసిన బిస్కెట్లు పెట్టి చూశారు. ఆకలి కాలంలో పుట్టిన బిడ్డల బరువు సగటున 201 గ్రాములు పెరిగింది. మృతశిశు జననాలు, తొలి వారపు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పందొమ్మిదో శతాబ్దం నుండి ఐరోపా నూనె మిల్లులకు, సబ్బు కర్మాగారాలకు ఓడలకెక్కిన పంట ఆ వేరుశనగే. తల్లి పండించిన నేలలోని గింజ ఆ తల్లి నోటికి చేరడానికి ఒక పరిశోధన కావలసివచ్చింది!

కథ అంతటితో ముగియలేదు. రెండేళ్ళ వయసులో ఎదుగుదల కుంటుపడిన పిల్లలు 1970లలో 57 శాతం కాగా, 2010ల తొలినాళ్ళకు 30 శాతానికి తగ్గారు. ఇంతటి సేవ అందిన గ్రామాల్లోనే, నాలుగు దశాబ్దాల తరువాత కూడా, ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు! వైద్యం మరణాన్ని ఆపగలిగింది గాని, పేదరికం పిల్లల ఎముకల్లో మిగిలిపోయింది.

ఇందులో మనకొక పాఠం ఉన్నది. మన దానధర్మాలు ఎక్కువగా రమజాన్‌లో జరుగుతాయి. ఆ మాసం చంద్రుని లెక్కన ఏటా కొన్నిరోజులు ముందుకు జరుగుతుంది. పొలాన్ని నమ్ముకున్నవాని ఆకలి మాత్రం సూర్యుని లెక్కన, వానలతోపాటు, ఏటా అదే వేళకు వస్తుంది. ఇచ్చేవారు తమ క్యాలెండరుతోపాటు పుచ్చుకునేవారి క్యాలెండరు కూడా చూసుకోవాలి. గింజలు అడుగంటక ముందే సహాయం ఇల్లు చేరాలి, చేర్చినవారు ఆ వానాకాలమంతా అక్కడ నిలిచి ఉండాలి. కెనెబా పిల్లల ప్రాణాలు నిలిపింది అదే.