త్యాగరాజకృతులు: భజనగోష్ఠి, విద్వత్సభ

వాగ్గేయకారుల చరిత్రమున ‘ప్రభావము’ అను మాటను మనము మిక్కిలి తేలికగా వాడుచున్నాము. ఇరువురి రచనలలో కొంత పోలిక కనబడినంతనే, తరువాతివానిపై ముందటివాని ప్రభావము కలదని నిర్ణయించి తృప్తి చెందుచున్నాము. త్యాగరాజస్వామి విషయమున దీనికి విరుద్ధమగు అలవాటు కూడ కలదు. నారదుడు సన్న్యాసివేషమున వచ్చి ‘స్వరార్ణవ’మను గ్రంథము నొసగెనను కథ చెప్పి, ఆయన విద్యకు మానుషమగు మూలమును వెదకుట మానుకొందురు. మొదటి పద్ధతిలో స్వామి స్వతంత్రత మరుగుపడుచున్నది. రెండవదానిలో ఆయన పెద్దలు మరుగుపడుచున్నారు. ఆయనకు లభించిన సంప్రదాయము లెట్టివి, వానిని ఆయన ఏ రీతిగా మలచుకొనెను అను రెండు ప్రశ్నలను మే మిచ్చట పరిశీలింపదలచితిమి.

త్యాగరాజు 1767లో తిరువారూరున జన్మించి, తిరువైయారున జీవితము గడపి, 1847లో అచ్చటనే సిద్ధి పొందెను. ఆయనది ములకనాటి తెలుగు బ్రాహ్మణకుటుంబము. తంజావూరు సీమలో నాయకరాజుల కాలమునుండియు తెలుగు గానభాషగా వెలసియుండెను. విజయరాఘవనాయకుడు క్షేత్రయ్యపదముల నాదరించెను. 1673లో నాయకరాజ్య మంతరించిన పిమ్మట మరాఠా ప్రభువులును తెలుగు యక్షగానములను పోషించిరి. వారిలో శాహజీ స్వయముగా తెలుగున రచనలు చేసెను. కావున తమిళదేశమున తెలుగున పాడుట స్వామి తెచ్చిన వింత కాదు. ఆయన ఆ భాషను ఏ గోష్ఠికై వినియోగించెననునదే విచార్యము.

మొదట భజనసంప్రదాయమును గూర్చి. ఇందు మనకు స్వామి నోటిమాటయే సాక్ష్యము. ‘ప్రహ్లాదభక్తివిజయ’ ప్రారంభమున ఆయన పురందరదాసుని మహిమను స్మరించెను. దేవగాంధారి రాగమునందలి ‘క్షీరసాగరశయన’ కృతిలో రామదాసుని చెర విడిపించిన వృత్తాంతమును తలచి, తన మొరకు దానిని ఆధారముగా చూపుకొనెను. నారాయణతీర్థుల విషయమున సాక్ష్యము వేరు తెరగుది. తరంగిణీకర్తయగు ఆ యతి తిరువైయారునకు సమీపముననే నివసించెనని సంప్రదాయము. భజనపరులు ఆయన తరంగములను నిత్యము పాడుచుండిరి. కృష్ణలీలను గేయకథగా నడపిన ‘నౌకాచరిత్రము’న ఆ వాతావరణము కనబడును. అయినను స్థలసామీప్యము, రూపసామ్యము కవి స్వయముగా చెప్పుకొన్న మాటతో సమానమగు ప్రమాణములు కావని పరిశోధకులు గుర్తింపవలెను.

ఈ సంప్రదాయము స్వామికి భక్తినే గాక ఒక రచనాపద్ధతిని కూడ ఇచ్చెను. ఆయన దివ్యనామకీర్తనలలో చరణములు పెక్కు. అన్నిటికి ధాతు వొక్కటే. ఒకడు పాడగా పదుగురు అందుకొనగలరు. పాట అందరి సొత్తు కావలెననునది ఇందలి సూత్రము.

రెండవది విద్వత్సభ. స్వామి గురువగు శొంఠి వేంకటరమణయ్య తంజావూరు ఆస్థానవిద్వాంసుడు. ఆ సభలలో రాగాలాపన, తానము, పల్లవి ప్రధానములు. పల్లవిలో మాటలు కొలదిగా నుండును. వాని అర్థమునకు గౌరవము తక్కువ. విద్వాంసుని మనోధర్మమునకే పట్టము. ఇట్టి గానమును సామాన్యులు విని ఆనందింపగలరే గాని కలిసి పాడజాలరు. సూత్రమును బట్టి చూడగా ఇది భజనగోష్ఠికి ఎదురు కొస.

ఈ రెండు కొసలను కలిపినది త్యాగరాజకృతి యని మా అభిప్రాయము. దీనికి సంగతులే తార్కాణము. ఒకే మాటలను మరల మరల పాడుచు, ప్రతి మారు రాగమును కొంత కొంత విస్తరింపజేయుట సంగతి. విద్వాంసుడు సభలో అప్పటికప్పుడు చేయు విస్తరమును స్వామి రచనలోనే నిలిపి, అర్థవంతమగు సాహిత్యమునకు ముడివేసెను. ఖరహరప్రియలోని ‘చక్కని రాజమార్గము’న ఒకే ప్రశ్న సంగతి సంగతికి విస్తరించుచు, రాగముతోపాటు వేదనను కూడ పెంచుచున్నది. ఆ 22వ మేళమునకు నేడు మన మెరిగిన స్వరూపము ప్రధానముగా ఆయన కృతులవలన ఏర్పడినదే.

ఘనరాగపంచరత్నములు రెండవ తార్కాణము. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములు విద్వాంసులు తానము పాడు రాగములు. ఆ తానపు నడకకే స్వామి స్వరసాహిత్యములు కూర్చి, నేర్చినవారెల్ల గోష్ఠిగా పాడుకొనదగినట్లు చేసెను.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. స్వామి కృతులు శిష్యపరంపరలవలన మనకు దక్కినవి. వాలాజాపేట, తిల్లస్థానము, ఉమయాళ్పురము పాఠములలో సంగతులు భేదించుచున్నవి. మదురలోని సౌరాష్ట్రసభ భద్రపరచిన వాలాజాపేట వ్రాతప్రతులను ఇతర పాఠములతో పోల్చక, ఫలానా సంగతి స్వామిదే యని చెప్పుట సాహసము. మేము చెప్పునది పద్ధతిని గూర్చియే.

సభావిద్యను గ్రహించిన స్వామి సభాజీవనమును గ్రహింపలేదు. రాజాహ్వానమును నిరాకరించి ‘నిధి చాల సుఖమా’ యని పాడెనను ఐతిహ్యమున వివరము లెట్లున్నను, ఆయన ఉంఛవృత్తితో జీవించి ఇంటనే శిష్యులకు పాఠము చెప్పెననుట ప్రసిద్ధము. ఈ ఎంపిక ఫలితమును చరిత్రయే చూపినది. 1799 సంధితో శరభోజి పరిపాలనాధికారము కంపెనీకి పోయెను. 1855లో శివాజీ మహారాజు పుత్రసంతానము లేక గతింపగా తంజావూరు రాజ్యమే అంతరించెను. కొలువుతోపాటు కొలువువిద్యయు నశింపవలసినదే. కాని దానిలోని సారము అప్పటికే కృతిరూపమున శిష్యుల యిండ్లకు చేరియుండెను.

పూర్వుల ఋణమును లెక్కించుటవలన స్వామి మహిమ తగ్గునని శంకింపనక్కరలేదు. ఆయనయే వారిని పేరుపేరున తలచి నమస్కరించెను. ఆ నమస్కారమును చదువుకొనుట పరిశోధకుని మొదటి పని. దానివెనుక ఆయన చేసిన కూర్పును గుర్తించుట రెండవది.