వృద్ధుల సహనివాసం, ఉమ్మడి తోట

వృద్ధుల సహనివాసం అంటే వయసు పైబడినవాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లు ఉంటూనే వంటశాల, భోజనశాల, తోట, రోజువారీ పనులు పంచుకునే నివాస పద్ధతి. ఇక్కడ యాజమాన్యం, నివాసులు అంటూ రెండు పక్షాలుండవు. ఇళ్ల నమూనా మొదలుకొని సాయంత్రం కూర దాకా అన్నీ అక్కడుండేవాళ్లే కూర్చొని తేల్చుకుంటారు. వృద్ధాశ్రమానికీ దీనికీ ఉన్న ప్రధానమైన తేడా ఇదే. ఈ పద్ధతి 1980లలో డెన్మార్క్‌లో రూపం తీసుకుంది. దీనికి కావలసిన ముడిసరుకు తెలంగాణలోని ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో విడివిడిగా ఉంది: సహకార సంఘాలు నడిపిన అనుభవం, పెరటి సేద్యం తెలిసిన పెద్దవాళ్లు, పిల్లలు దూరదేశం పోయిన ఇళ్లు.

పుట్టుక

వాస్తుశిల్పి యాన్ గుడ్‌మండ్-హోయర్ 1964లో కోపెన్‌హాగెన్ శివార్లలో కొన్ని కుటుంబాలు కలిసి ఉండేలా ఒక పథకం వేశాడు. ఇరుగుపొరుగు వ్యతిరేకించడంతో అది ఆగిపోయింది. 1967లో రచయిత్రి బోడిల్ గ్రే, పిల్లలను ఊరంతా కలిసి పెంచాలనే ఆలోచనతో పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఈ రెండు ప్రయత్నాల చుట్టూ చేరిన కుటుంబాలు 1972లో హిల్లెరోడ్ దగ్గర 27 ఇళ్ల సెట్టెడామెన్‌ను కట్టుకున్నాయి. ఆధునిక సహనివాసాల్లో తొలితరం అదే.

ఇదంతా చిన్న పిల్లలున్న కుటుంబాల కోసం జరిగిన పని. పిల్లలు ఎదిగి వెళ్లిపోయాక మిగిలిన పెద్దల అవసరాలు వేరని డేన్లు త్వరలోనే గమనించారు. మెట్లు తక్కువుండాలి, ఇల్లు చిన్నదిగా ఉండాలి, పలకరించే మనిషి దగ్గర్లో ఉండాలి. 1987లో కోపెన్‌హాగెన్‌లో వృద్ధుల కోసమే మొదలైన మిడ్‌గార్డెన్ ఆ గమనింపు ఫలితం.

విస్తరణ

స్టాక్‌హోమ్‌లోని ఫర్ద్‌క్నెపెన్ 1993లో మొదలైంది. 43 ఫ్లాట్ల ఈ భవనం పురపాలక గృహనిర్మాణ సంస్థది. 40 ఏళ్లు దాటి, ఇంట్లో పిల్లలు లేనివాళ్లు ఇందులో అద్దెకుంటారు. వంట, శుభ్రత పనులు వంతులవారీగా వాళ్లే చేసుకుంటారు. అమెరికాలో ఈ ఆలోచనను వాస్తుశిల్పులు చార్లెస్ డ్యూరెట్, కేథరిన్ మెక్‌కామెంట్ 1988లో వెలువరించిన పుస్తకంతో జనంలోకి తెచ్చారు. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో గ్లేసియర్ సర్కిల్ ఆ దేశపు తొలి వృద్ధుల సహనివాసాల్లో ఒకటి.

లండన్ శివారు హై బార్నెట్‌లోని న్యూ గ్రౌండ్ కథ ఓపికకు పరీక్ష. 50 ఏళ్లు దాటిన మహిళలు 1998లో బృందంగా ఏర్పడ్డారు. స్థలం, అనుమతులు, డబ్బు ఒక్కొక్కటీ సమకూర్చుకొని 25 ఫ్లాట్ల సొంత ఆవరణలోకి అడుగుపెట్టేసరికి 2016 చివరికొచ్చింది. ఆ మధ్య కాలంలో కొందరు సభ్యులు చనిపోయారు, కొందరు మానుకున్నారు.

తోట, దినచర్య

సహనివాసాల్లో ఇళ్ల తలుపులు సాధారణంగా ఉమ్మడి ఆవరణ వైపే తెరుచుకుంటాయి. వాహనాలు ఆవరణ అంచుల్లో ఆగిపోతాయి. మధ్యలో మిగిలే నేల తోట అవుతుంది. పొద్దున నీళ్లు పెట్టడానికి వచ్చినవాళ్లు పక్కింటి కిటికీ తెరుచుకుందో లేదో చూస్తారు. తెరుచుకోకపోతే తలుపు తడతారు. ఎవరూ ప్రత్యేకంగా నియమించని ఈ కాపలాయే ఒంటరి వృద్ధులకు పెద్ద భరోసా.

పనులు బృందాలుగా పంచుకుంటారు. విత్తనాలు, నారు ఒకరివి. ఎరువుల కుప్ప ఇంకొకరిది. లెక్కలు, వంట వేరేవాళ్లవి. వంగలేనివాళ్ల కోసం నడుము ఎత్తున మడులు కడతారు. అడ్డంగా చేయి చాపితే మధ్యదాకా అందేంత వెడల్పే ఉంచుతారు. చక్రాల కుర్చీ తిరిగేలా బాటలు గట్టిగా, సమంగా వేస్తారు. పార పట్టే ఓపిక తగ్గినవాళ్లు కూరగాయలు తరగడానికో, గింజలు ఎండబెట్టి దాచడానికో మారతారు. పని మారుతుంది గాని మనిషికి పని లేకుండా పోదు.

తెలంగాణ ఉత్తర జిల్లాల వాతావరణంలో ఇలాంటి తోటకు లెక్క వేరు. ఎండకాలంలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్ చలికాలపు రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి దిగుతుంది. వానకాలం పందిళ్ల మీద బీర, కాకర, సొర, మడుల్లో బెండ, గోరుచిక్కుడు పండుతాయి. చలికాలం చిక్కుడు, టమాట, వంకాయ, మెంతి, కొత్తిమీరలది. ఎండల్లో పుంటికూర, తోటకూర నిలుస్తాయి. మిగతావాటికి నీడ వల తప్పదు. గట్ల మీద తనంతట తానే మొలిచే గంగవాయిలికూరను పప్పులో వేయడం ఇక్కడి పెద్దవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని కాదు. బతుకమ్మకు కావలసిన బంతి, పట్టుకుచ్చు పూలకు ఒక మడి కేటాయిస్తే పండుగ నాటికి వాడకట్టు ఆడబిడ్డలు కూడా ఆ తోటకొస్తారు.

ఉత్తర తెలంగాణ నేపథ్యం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతపు వృద్ధాప్యాన్ని వలస మలిచింది. 1970ల చమురు ఆదాయం గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులను పెంచినప్పటి నుంచి ఇక్కడి యువకులు దుబాయి, మస్కట్, సౌదీ పోతూనే ఉన్నారు. సిరిసిల్ల నేతన్నలు అంతకుముందే భివండీ, సూరత్ బాట పట్టారు. డబ్బు ఇంటికొచ్చింది, కొత్త స్లాబు పడింది. ఆ ఇంట్లో అవ్వా తాతలే మిగిలారు.

బొగ్గుబాయి పట్టణాలది మరో తీరు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి కాలనీల్లో కార్మికులు దశాబ్దాలు పక్కపక్కనే బతికారు. పదవీ విరమణతో సింగరేణి క్వార్టర్ ఖాళీ చేయాల్సి వస్తుంది. ఇంటితో పాటు ఇరుగుపొరుగూ పోతుంది. సింగరేణిలో పనిచేసిన కథారచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి తర్వాత హైదరాబాద్ దగ్గర నారపల్లిలో ఇంటి మీద కూరగాయలు పండించి, మిద్దెతోటను తెలుగునాట ఉద్యమ స్థాయికి తీసుకెళ్లారు. భూమి లేకున్నా సేద్యం సాధ్యమేనని ఆయన తోట చూపింది.

నలుగురూ కలిసి నడపడమూ ఇక్కడ కొత్త కాదు. అప్పటి కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో 1956లో సహకార సంఘం పుట్టింది. అక్కడే మహిళలు సభ్యులుగా స్వకృషి డెయిరీ 2002లో పాల సేకరణ మొదలుపెట్టింది. ఆదిలాబాద్ ఆదివాసీ గూడేల్లో రాయి సెంటర్లు తగాదాలను పెద్దల సమక్షంలో మాట్లాడి తేల్చే వేదికలు. ఈ జిల్లాలకు బయట, జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు భూమి కలిసి కౌలుకు తీసుకొని చిరుధాన్యాలు పండించారు, ఊరి విత్తన నిధులు నిలబెట్టారు. ఏ విత్తనం ఏ నేలలో నిలుస్తుందో చెప్పడంలో అక్కడి పెద్ద వయసు మహిళల మాటకే విలువ.

చట్టాలు, పథకాలు

2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం పోషించని పిల్లల మీద వృద్ధులు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మందికి చోటున్న ఆశ్రమాల గురించి కూడా ఆ చట్టం చెబుతుంది. తెలంగాణలో 2014 నవంబరులో నెలకు 1,000 రూపాయలతో మొదలైన ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలైంది. 2019లో మొదలైన పల్లె ప్రగతితో పంచాయతీలకు నర్సరీలు, పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. ఊరికి ఉమ్మడి పచ్చదనం దక్కినా దాన్ని వృద్ధుల దినచర్యతో కలిపే ఏర్పాటు ఆ పథకంలో భాగం కాలేదు.

హైదరాబాద్ చుట్టూ సాకేత్ ప్రణామ్ లాంటి వృద్ధుల కాలనీలు వెలిశాయి. అక్కడ సేవలకు రుసుము కట్టాలి. ఆ స్తోమత పింఛను మీద బతికే పల్లె వృద్ధులకు ఉండదు. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (1995) మరో దారి చూపుతుంది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యులే నియమావళి రాసుకొని, ఎన్నికలు జరుపుకొని నడుపుకునే సంఘాలకు అది వీలు కల్పించింది.

పరిమితులు

సహనివాసం ఆసుపత్రికి ప్రత్యామ్నాయం కాదు. పక్షవాతం వచ్చినవాళ్లను, మతిమరుపు ముదిరినవాళ్లను తోటివృద్ధులే ఎల్లకాలం మోయలేరు. అందుకే చాలా సంఘాలు ఇరుగుపొరుగు సాయం ఎక్కడిదాకా, జీతమిచ్చి పెట్టుకునే సాయం ఎక్కడి నుంచి అన్నది ముందే రాసుకుంటాయి. సభ్యులందరూ ఒక్కసారే ముసలివాళ్లు కాకుండా 55 ఏళ్లవాళ్లనూ 75 ఏళ్లవాళ్లనూ కలిపి చేర్చుకుంటాయి. సభ్యుడు చనిపోతే ఇల్లు వారసుడికా, సంఘానికా, దాని ధర ఎవరు కట్టాలి అన్నవి కట్టడం మొదలుపెట్టకముందే తేల్చాల్సిన ప్రశ్నలు. ఆస్తి పంపకాలు ఎక్కువగా నోటిమాట మీద సాగే ఊళ్లలో ఈ కాగితం పనికి తోటపని కన్నా ఎక్కువ సమయం పడుతుంది.